స్టార్ టూర్స్ మార్చాక ఫ్యాన్స్‌కి అంత కోపం ఎందుకు? నిజంగా పాతదే బాగుండేదా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: “2004లో ఎంఎస్ చేస్తున్న రోజుల్లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో స్టార్ వార్స్ సినిమాల మీద చేసిన స్టార్ టూర్స్ రైడ్ ఎక్కాను. ఇన్నేళ్లకి మా ఏడేళ్ల బాబుని తీసుకుని మళ్లీ వెళ్తున్నాం. పాతది తీసేసి కొత్తది పెట్టారని తెలిసింది. కొందరు ఫ్యాన్స్ నాశనం చేశారంటున్నారు, కొందరు ఇప్పుడే బాగుందంటున్నారు. నిజంగా తేడా ఉందా, లేక పాతదాని మీద ప్రేమతో అలా అంటున్నారా? ఇలాంటి రైడ్ మార్చినప్పుడల్లా ఎందుకింత గొడవ?”

సూటిగా చెప్తాను. తేడా ఉంది. కొత్తది మొత్తం మీద మంచి రైడ్, బాబుని తప్పకుండా ఎక్కించండి. కానీ ఫ్యాన్స్ కోపాన్ని ఉత్త మమకారం అని కొట్టిపారేయకండి, అందులో సగానికి పైగా న్యాయం ఉంది. సిమ్యులేటర్ రైడ్‌ని మనం కళ్లతో కన్నా ఒంటితో ఎక్కువ గుర్తుపెట్టుకుంటాం. తెరమీద సినిమా మారితే కళ్లు నాలుగు రోజుల్లో ఒప్పుకుంటాయి. ఒంటికి అలవాటైన కుదుపు, నడిపేవాడి గొంతు, గాల్లో వచ్చే వాసన మారితే అంత తేలిగ్గా ఒప్పుకోదు. వాటిని పట్టించుకుని మార్చిన చోట గొడవ త్వరగా సద్దుమణిగింది. పట్టించుకోని చోట ఏళ్లు గడిచినా చల్లారలేదు.

నా సంగతి చెప్పకపోతే ఇదంతా ఎందుకు నమ్మాలో మీకు తెలియదు. దాదాపు ఇరవై ఏళ్లుగా నా పని మోషన్ ప్రోగ్రామింగ్. తెరమీద బొమ్మ ఎటు తిరిగితే కింద క్యాబిన్ ఎటు ఒరగాలి, ఎంత ఒరగాలి, ఎంత వేగంగా ఒరగాలి అన్నది ఫైలుగా రాయడం. మొదట హైదరాబాద్‌లో పైలట్ల శిక్షణ సిమ్యులేటర్ల మెయింటెనెన్స్‌లో చేరాను. తర్వాత మాల్స్‌కి, ఎగ్జిబిషన్లకి చిన్న మోషన్ థియేటర్లు చేసే కంపెనీకి మారాను. ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటున్నాను. డిస్నీలో ఎప్పుడూ పనిచేయలేదు. స్టార్ టూర్స్ గురించి నేను చెప్పేది పాతదీ కొత్తదీ చాలాసార్లు ఎక్కినవాడిగా, ఈ పని తెలిసినవాడిగా చెప్పేదే.

ముందు మీరు 2004లో ఎక్కింది ఏమిటో గుర్తు చేసుకుందాం. స్టార్ టూర్స్ కాలిఫోర్నియాలో 1987 జనవరి 9న మొదలైంది. ఆ సందర్భంగా పార్కుని 60 గంటలు ఏకధాటిగా తెరిచి ఉంచారు. రైడ్‌కి అయిన ఖర్చు 3.2 కోట్ల డాలర్లు అంటారు. 1955లో మొత్తం పార్కు కట్టడానికి అయిన 1.7 కోట్లకి ఇది దాదాపు రెట్టింపు. యంత్రం తయారుచేసింది ఇంగ్లండ్‌లోని రెడిఫ్యూజన్ సిమ్యులేషన్ అనే కంపెనీ. వాళ్ల అసలు వ్యాపారం పైలట్ల శిక్షణకి సిమ్యులేటర్లు చేయడం. నేను హైదరాబాద్‌లో పని నేర్చుకున్న యంత్రాలదీ దీనిదీ ఒకే వంశం. నలభై మంది కూర్చునే క్యాబిన్, దాని కింద ఆరు హైడ్రాలిక్ జాక్‌లు, ముందు తెర.

క్యాబిన్ ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఒరుగుతుంది. అయినా మీరు దూసుకుపోయినట్టు ఎందుకు అనిపిస్తుంది? క్యాబిన్ ముక్కు పైకి లేపితే మీ వీపు సీటుకి ఒత్తుకుంటుంది. అదే క్షణంలో తెరమీద నక్షత్రాలు గీతల్లా సాగుతాయి. చుట్టూ కిటికీలు లేవు, పోల్చి చూసుకోవడానికి ఏమీ లేదు. చెవి లోపల ఉండే బ్యాలెన్స్ అవయవానికి వెనక్కి ఒరగడానికీ, వేగం పెరగడానికీ తేడా తెలియదు. అందుకని వేగమే పెరిగిందని ఒప్పేసుకుంటుంది. ఆ తర్వాత మీకు తెలియనంత నెమ్మదిగా క్యాబిన్‌ని మళ్లీ మట్టానికి తెస్తాం, తర్వాతి కుదుపుకి చోటు కావాలి కదా. దీన్ని మేం వాషౌట్ అంటాం. ఇది బాగా చేస్తే ఎవరికీ తెలియదు. చెడగొడితే ఎవరూ ఫలానా అని చెప్పలేరు కానీ అందరూ “ఏదో తేడాగా ఉంది” అంటారు. ఈ “ఏదో తేడాగా ఉంది” అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

పాత స్టార్ టూర్స్‌లో నడిపేది కెప్టెన్ రెక్స్ అనే రోబో. అతనికి అదే మొదటి ప్రయాణం, ఆ సంగతి అతనే బయటపెట్టేస్తాడు. ఎగిరే ముందు తీసేయాలని రాసి ఉండే ఎర్రపట్టీ ఇంకా అతని ఒంటికి వేలాడుతూనే ఉండేది. ఆ గొంతు నటుడు పాల్ రూబెన్స్‌ది. టెన్షన్ పడే కుర్ర డ్రైవర్ పక్కన కూర్చున్నట్టు ఉండేది. స్టార్ వార్స్ కథల్లోని ఎండోర్ అనే చోటికి వెళ్లాల్సిన బండి తోకచుక్కల మంచులో ఇరుక్కుని, యుద్ధం మధ్యలో దూరి, చివర్లో ఇంధనం బండిని గుద్దబోయి ఆగేది. నాలుగున్నర నిమిషాలు. ప్రతిసారీ అదే కథ, అవే మాటలు, ఆ మాటకి ఆ కుదుపు.

ఆ “ప్రతిసారీ అదే” అన్నదాన్ని చాలామంది లోపంగా చూస్తారు. ఫ్యాన్స్‌కి అదే ప్రాణం. మన ఊళ్లలో పాత హిట్ సినిమాలు 4కెలో రీరిలీజ్ అయినప్పుడు హాల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. హీరో నోరు తెరవకముందే హాలంతా డైలాగ్ చెప్పేస్తుంది. కథ తెలియక కాదు వాళ్లు వచ్చింది, తెలిసే వచ్చారు, అందరితో కలిసి చెప్పడానికి వచ్చారు. రెక్స్ మాటలు కూడా అలాగే చెప్పేవాళ్లు. 2008లో ఫ్లోరిడాలో మొదటిసారి ఎక్కినప్పుడు నా పక్కన యాభై దాటిన ఒకాయన ఒక్కో మలుపుకి అర సెకను ముందే తన ఒంటిని ఆ వైపు వంచుతున్నాడు. సినిమా కంఠతా వచ్చినవాళ్లని చూశాను కానీ, కుదుపులు కంఠతా వచ్చిన మనిషిని చూడటం నాకదే మొదలు. మోషన్ ఫైలు రాసేవాడిగా అది నేను మర్చిపోలేని దృశ్యం.

ఇక 2010 సంగతి. ఆ ఏడాది జూలై చివర్లో కాలిఫోర్నియాలో, సెప్టెంబరులో ఫ్లోరిడాలో పాతది ఆగిపోయింది. ఆగస్టులో ఫ్లోరిడాలో ఎండోర్‌కి ఆఖరి ప్రయాణం పేరుతో వీడ్కోలు వేడుక కూడా జరిగింది. కొత్తది, అంటే “ది అడ్వెంచర్స్ కంటిన్యూ”, 2011 మే 20న ఫ్లోరిడాలో, జూన్ 3న కాలిఫోర్నియాలో వచ్చింది. టోక్యోకి 2013లో, పారిస్‌కి 2017లో చేరింది. కళ్లజోడుతో చూసే 3డి, డిజిటల్ బొమ్మ, పైలట్ సీట్లో పొరపాటున ఇరుక్కుపోయిన సీ-త్రీపీవో అనే స్టార్ వార్స్ సినిమాల రోబో. అన్నిటికన్నా పెద్ద మార్పు, కథ ఒక్కటి కాదు. బయల్దేరే సీను రెండు రకాలు, మొదట వెళ్లే గ్రహాలు మూడు, మధ్యలో వచ్చే సందేశాలు మూడు, చివరి మజిలీలు మూడు. రెండు, మూడు, మూడు, మూడు గుణిస్తే 54 ప్రయాణాలు. ఏది వస్తుందో ఎక్కేదాకా తెలియదు. పైగా క్యాబిన్‌లో కూర్చున్న ఒకరి ఫోటోని తెరమీద చూపించి తిరుగుబాటుదారుల గూఢచారి ఇతనే అంటారు.

ఫ్యాన్స్ దీనికి ఎలా స్పందించారని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే ఒకే మనిషి రెండు రకాలుగానూ మాట్లాడాడు. బొమ్మ స్పష్టతకీ, ప్రతిసారీ కొత్తగా ఉండటానికీ చప్పట్లు కొట్టినవాళ్లే రెక్స్ లేడని బాధపడ్డారు. అది రెండు నాలుకల ధోరణి కాదు. రెండూ నిజమే. 54 రకాలు ఉన్న రైడ్‌ని కంఠతా పట్టడం కుదరదు. మళ్లీ మళ్లీ రావడానికి కారణం దొరికింది, కలిసి డైలాగ్ చెప్పే సుఖం పోయింది. ఆ బేరం వాళ్లని అడిగి చేసింది కాదు.

ఇంకో సంగతి మా వృత్తివాళ్లకే తెలుస్తుంది. ముక్కల్ని ఏ వరసలో కలిపినా అతకాలంటే, ప్రతి ముక్క మొదట్లోనూ చివర్లోనూ క్యాబిన్ ఒకే స్థితికి రావాలి. అంటే నిమిషానికి ఒకసారి ఊపిరి పీల్చుకునే చోటు తప్పనిసరి. కొత్త స్టార్ టూర్స్‌లో హైపర్‌స్పేస్‌లోకి దూకడం (నక్షత్రాలు గీతల్లా సాగే ఆ క్షణం), సందేశం రావడం అనే ఘట్టాలు ఆ అతుకుల్ని చాలా అందంగా కప్పుతాయి. కానీ పాతదానిలో ఒక ఆపద తీరకముందే రెండోది మీద పడేది, నాలుగున్నర నిమిషాల ఒకే తాడు. “కొత్తది బాగుంది కానీ కథలా లేదు” అని ఫ్యాన్స్ అంటే చాలామంది స్క్రిప్టు గురించి అనుకుంటారు. నాకైతే అది క్యాబిన్ గురించి చెప్పిన మాటలా వినిపిస్తుంది. వాళ్ల ఒళ్లు అతుకుల్ని పట్టేసింది.

ఆ తర్వాత వచ్చిన మార్పులు త్వరగా చెప్తాను. 2015 నవంబరులో జాక్కూ అనే ఎడారి గ్రహం చేర్చారు, 2017లో క్రేట్, 2019లో మరొకటి, 2024 ఏప్రిల్ 5న అహ్సోకా, ఆండోర్, మాండలోరియన్ అనే స్టార్ వార్స్ సిరీస్‌ల పాత్రలు. ఇప్పుడు 250కి పైగా కలయికలు ఉన్నాయని డిస్నీ చెబుతోంది. 2015లో వచ్చిన గొడవ ఆసక్తికరమైనది. మొదట్లో కొన్నాళ్లు ప్రతి ప్రయాణమూ జాక్కూకే వెళ్లేది. కొత్త సినిమాకి ప్రచారం కోసం అదృష్టం చీటీ తీసేసినట్టయింది. ఏది వస్తుందో తెలియదని టికెట్ కొనిపించి అందరికీ ఒకే చీటీ ఇస్తే ఎవరైనా అడుగుతారు. మళ్లీ కలగాపులగం చేశాక ఆ కోపం పోయింది. కాలక్రమం చెడిందన్న ఫిర్యాదు మాత్రం ఇప్పటికీ ఉంది. మొదటి సగంలో పాత సినిమాల విలన్ డార్త్ వేడర్, రెండో సగంలో ముప్పై ఏళ్ల తర్వాతి మనుషులు ఒకే ప్రయాణంలో వస్తారు. స్టార్ వార్స్ ప్రేమికులకి అది పంటికింద రాయి. మీ బాబుకి అస్సలు పట్టదు.

ఇప్పుడు నా సొంత అనుభవం. దీనివల్లే ఫ్యాన్స్ మాటని తేలిగ్గా తీసుకోవడం మానేశాను.

విజయవాడలో ఒక మాల్‌లో మేం పెట్టిన 24 సీట్ల మోషన్ థియేటర్ ఉండేది. గనిలో రోలర్ కోస్టర్ సినిమా, మూడు నిమిషాలది. నాలుగేళ్లు నడిచింది. ఓనర్‌గారు కొత్త సినిమా కావాలన్నారు, మంచి స్పష్టత ఉన్నదే తెచ్చాం. సాయంత్రం బ్యాచ్‌లో ఎప్పుడూ వచ్చే కుర్రాళ్లు కొందరు ఉండేవాళ్లు, ఇంటర్ చదివే పిల్లలు. మొదటి రోజే దిగి వచ్చి “అన్నా, పాతదే బాగుంది, ఇది ఏదో తేడాగా ఉంది” అన్నారు. ఓనర్‌గారు “కొత్త కదా, అలవాటైతే సర్దుకుంటారు” అన్నారు. నేనూ అదే అన్నాను. పది రోజులైనా సర్దుకోలేదు. ఒకబ్బాయి మాత్రం సరిగ్గా చెప్పాడు: “మొదట బానే ఉందన్నా, చివరికొచ్చేసరికి ముందే ఊగుతోంది.”

ఆ రాత్రి మాల్ మూసేశాక ఒక్కడినే సీట్లో కూర్చుని ఆరుసార్లు ఎక్కాను. నాలుగోసారి కళ్లు మూసుకుని, చివరి బ్రిడ్జి దగ్గర కుదుపు రాగానే తెరిచి చూశాను. బండి ఇంకా బ్రిడ్జి అంచుకి రాలేదు. ఫైళ్లు తీసి చూస్తే విషయం తేలింది. నేను మోషన్ ఫైలుని సెకనుకి 24 ఫ్రేముల లెక్కన రాశాను, కొత్త సినిమా 23.976 ఫ్రేములతో నడుస్తోంది. వెయ్యిలో ఒక వంతు తేడా. మొదట్లో సున్నా. మూడు నిమిషాలకి, అంటే 180 సెకన్లకి, 0.18 సెకను. కాగితం మీద ఏమీ కాదు. ఒంటికి మాత్రం సెకనులో పదో వంతు దాటితే చాలు, తెలిసిపోతుంది, చెవి లోపలి అవయవం ఒకటి చెబితే కన్ను ఇంకోటి చెబుతుంది, కడుపులో తిప్పడం మొదలవుతుంది. తప్పు నాది. సరిచేశాక మర్నాడు అదే కుర్రాళ్లు ఎక్కి దిగి ఏమీ అనలేదు, మళ్లీ టికెట్ తీసుకుని లోపలికి వెళ్లారు.

అందుకే నేను నా జూనియర్లకి చెప్పేది ఇది. “పాతదే బాగుంది” అని వినగానే “ఏ నిమిషంలో?” అని అడగండి. చెప్పగలిగితే అది సాంకేతిక లోపం. చెప్పలేకపోతే బహుశా మమకారం. నూటికి నూరుపాళ్లూ పనిచేసే సూత్రం కాదు కానీ నాకు చాలాసార్లు దారి చూపింది.

రెండో అనుభవం యంత్రం మార్చినప్పటిది. మరో ఊళ్లో హైడ్రాలిక్ జాక్‌లు తీసేసి ఎలక్ట్రిక్‌వి వేశాం. నూనె కారడం లేదు, కరెంటు ఖర్చు తక్కువ, కదలిక మరింత కచ్చితం. సినిమా అదే, మోషన్ ఫైలు అదే. అయినా పాత కస్టమర్లు “పవర్ తగ్గించారా?” అని అడిగారు. కొలిచి చూస్తే ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు. పోయింది ఏమిటంటే, పంపు మోత, సీటు కింద ఎప్పుడూ ఉండే సన్నటి వణుకు, మొదలయ్యేముందు క్యాబిన్ ఒక్క అంగుళం కిందికి దిగి బుస్సుమని పైకి లేచే ఆ క్షణం. అది మా డిజైన్‌లో లేదు, పాత యంత్రం ముసలితనం. కానీ జనానికి ఆ బుస్సుమనడమే బయల్దేరే గంట. చివరికి మేం ఫైలు మొదట్లో చిన్న దిగుడు, నడిచినంతసేపూ సన్నటి వణుకు కలిపి రాశాం. అది మోసం కాదా అని నన్నో ఇంజినీర్ అడిగాడు. రైడ్ మొత్తమే ఒరిగించి ఎగిరినట్టు నమ్మించడం, అందులో ఈ వణుకు కూడా ఒక భాగమే అని నా అభిప్రాయం.

మీ ప్రశ్నకి నేరుగా సంబంధించిన ఇంకో రైడ్ ఉంది, దాన్నీ మీరు అక్కడే పక్క పార్కులో ఎక్కొచ్చు. సోరిన్. 2001లో కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కుతో పాటే మొదలైంది. కాళ్లు వేలాడేలా సీట్లు పైకి లేచి, పెద్ద గిన్నె లాంటి తెరలోకి మనల్ని తీసుకెళ్తాయి. పాత సినిమా కాలిఫోర్నియా మీదుగా ఎగరడం. నారింజ తోటల మీదికి రాగానే నిజంగా నారింజ వాసన వచ్చేది. 2016 జూన్‌లో దాన్ని తీసేసి ప్రపంచయాత్ర సినిమా పెట్టారు, అందులో మన తాజ్‌మహల్ కూడా ఉంది.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఫ్లోరిడాలో ఎప్కాట్ పార్కులో ఉన్న సోరిన్‌కి తీసుకెళ్లాను. అమ్మ ఆగ్రా చూసింది, తాజ్‌మహల్ వస్తుందని చెబితే ఎంతో ఆశగా ఎక్కింది. మాకు బాగా పక్కకి ఉన్న సీట్లు వచ్చాయి. తాజ్ రాగానే చెయ్యెత్తి నమస్కారం పెట్టబోయి ఆగిపోయి, “ఏంట్రా, మినార్లు అలా వంగిపోయాయి?” అంది. పూల వాసన వచ్చింది, అది ఆమెకి నచ్చింది. కానీ దిగాక కూడా వంగిన మినార్ల గురించే మాట్లాడింది. ఫ్యాన్స్‌ది కూడా సరిగ్గా ఇదే ఫిర్యాదు, వాళ్లు ఎక్కువగా ఈఫిల్ టవర్ పేరు చెప్తారు. పక్క సీట్ల నుంచి అది అరటికాయలా వంగి కనిపిస్తుంది. గిన్నె లోపల బొమ్మ వేసినట్టు కాబట్టి, మధ్యలో కూర్చున్నవాడికే నిలువు గీతలు నిలువుగా ఉంటాయి. పాత సినిమాలో ఎక్కువగా నదులు, అడవులు, తోటలు, సముద్రం. కొండ కొంచెం వంగినా ఎవరికీ తెలియదు. టవర్ వంగితే పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. కంప్యూటర్‌లో చేసిన ఏనుగులూ ఎలుగుబంట్లూ అసహజంగా ఉన్నాయన్నది రెండో ఫిర్యాదు. మూడోది నారింజ వాసన పోయిందని.

ఆ మూడో ఫిర్యాదుని చూసి నవ్వినవాళ్లున్నారు, వాసన కోసం గొడవేమిటని. నేను నవ్వను. ఇంటి తాళం తీయగానే అమ్మ వండిన పులుసు వాసన తగిలితే ఏ వయసుకి వెళ్లిపోతామో ఆలోచించండి. అదే పని ఆ నారింజ వాసన చేసేది. డిస్నీవాళ్లకీ అది అర్థమైందనే అనుకుంటున్నాను. తర్వాతి ఏళ్లలో కాలిఫోర్నియా పార్కులో పాత సినిమాని కొన్ని సీజన్లలో వెనక్కి తెచ్చారు. సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ పాత బాణీని కొత్త సినిమాలోనూ ఉంచారు. నా లెక్కన ఆ బాణీ ఉంచకపోయి ఉంటే కోపం రెట్టింపు అయ్యేది.

అమెరికాలోని యూనివర్సల్ పార్కుల్లో బ్యాక్ టు ది ఫ్యూచర్ రైడ్‌ని 2007లో ఆపి, 2008లో అదే భవనంలో సింప్సన్స్ రైడ్ పెట్టారు. అది మార్చడం కాదు, పాతదాన్ని పూర్తిగా తీసేయడం. అందుకే అక్కడ వినిపించింది కోపం కన్నా శోకం. క్యూలో చూపించే వీడియోలో పాత రైడ్ ప్రొఫెసర్‌ని ఒకసారి కనిపించేలా చేశారు, అభిమానులు దాన్ని ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు.

స్టార్ టూర్స్‌ని కాపాడింది కూడా ఇలాంటి పనే. కొత్త రైడ్ క్యూలో ఒక పెట్టె ఉంటుంది. లోపాలున్న సరుకు, తయారీదారుకి తిప్పి పంపాలి అన్నట్టు. అందులో ఉన్నది రెక్స్. అప్పుడప్పుడూ కదిలి పాత మాటల ముక్కలు గొణుగుతాడు. పెట్టె మీద కంపెనీ పేరులో రూబెన్స్ అన్న మాట కూడా ఉంటుంది, అతనికి గొంతు ఇచ్చిన నటుడి పేరు. 2019లో గెలాక్సీస్ ఎడ్జ్ అనే స్టార్ వార్స్ విభాగం తెరిచినప్పుడు అక్కడి ఓగాస్ క్యాంటీనాలో అదే రెక్స్‌ని పాటలు వేసే డీజేగా పెట్టారు, గొంతు మళ్లీ పాల్ రూబెన్స్‌దే. ఉద్యోగం పోయిన పాత డ్రైవర్‌కి ఊళ్లోనే ఇంకో పని దొరికింది అన్న తృప్తి అది. రూబెన్స్ 2023లో చనిపోయాక ఆ డీజే దగ్గరికి వెళ్లి నిలబడటం చాలామందికి ఇంకో రకంగా ఉంటోంది.

ఈ అలవాటు కొత్తది కాదు. 1985లో స్టార్ టూర్స్ కోసం అక్కడున్న మరో పాత రైడ్‌ని తీసేశారు. మనల్ని అణువంత చేసి పంపే పెద్ద మైక్రోస్కోప్ దాని గుర్తు. మొదటి స్టార్ టూర్స్ సినిమాలో ఆ మైక్రోస్కోప్‌ని ఒక మూల చూపించారు. క్యూలో బ్యాగులు చెక్ చేసే రోబోలు కూడా అప్పట్లో వేరే షోలో పాడిన బాతు బొమ్మల అస్థిపంజరాలతో చేసినవే. మీరు 2004లో ఎక్కిన “పాతది” కూడా ఒకప్పుడు ఎవరికో కోపం తెప్పించిన కొత్తదే.

ఫ్యాన్స్ పొరబడే చోటు కూడా చెప్పాలి. పాత స్టార్ టూర్స్ 70 ఎంఎం ఫిల్మ్‌తో నడిచేది. రోజంతా తిరిగి తిరిగి గీతలు పడేది, రంగు వెలిసేది. 2008లో నేను చూసినప్పుడు బొమ్మ మసకగానే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నా మనసులో కూడా అది తళతళలాడుతూనే కనిపిస్తుంది. జ్ఞాపకం ఫిల్మ్‌ని శుభ్రం చేసేస్తుంది. అందుకని బొమ్మ పాతదే బాగుండేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కుదుపు, కథ, గొంతు గురించి అంటే కూర్చుని వింటాను. మొదటి వారంలో వచ్చే తిట్లనీ పొగడ్తలనీ రెంటినీ పక్కన పెడతాను. మూడో నెలలో కూడా అదే మాట అంటున్నారా అన్నదే నాకు ముఖ్యం.

ఇక మీ ప్రయాణం. 40 అంగుళాల ఎత్తు ఉండాలి, ఏడేళ్ల బాబుకి సమస్య ఉండదు. వాడికి కారులో వాంతి వచ్చే అలవాటుంటే మధ్య వరసల్లో కూర్చోండి, తిరిగే కేంద్రానికి దూరం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది, వెనక వరసల్లో ఎక్కువ. మధ్యలో తిప్పినట్టనిపిస్తే 3డి కళ్లజోడు తీసేసి తెర అంచుని చూడమనండి. టిఫిన్ తిన్న వెంటనే వద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. సోరిన్‌కి వెళ్తే లైన్లో ఉన్న ఉద్యోగిని మధ్య విభాగంలో ముందు వరస ఇవ్వమని మర్యాదగా అడగండి, కొంచెం ఆగమంటారు, ఆగండి. ఏ టవర్ వచ్చినా నిటారుగా కనిపిస్తుంది.

స్టార్ టూర్స్‌కి వీలైతే రెండుసార్లు వెళ్లండి, రెండోసారి వేరే గ్రహం వస్తే బాబు ముఖం చూడండి. మా అమ్మాయి ఫోటో గూఢచారిగా తెరమీదకి వచ్చిన రోజు సాయంత్రం దాకా తలకి స్కార్ఫ్ కప్పుకుని నడిచింది. క్యూలో రెండో గదికి రాగానే తొందరపడకుండా ఆ పెట్టె ఎక్కడుందో వెతకండి. “నేను చదువుకునే రోజుల్లో మా బండి నడిపింది ఇతనే” అని బాబుకి చూపించండి.